విక్టరీ రోల్ ఎందుకు జారిపోతుంది? 1940ల అలంకరణపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటన్, అమెరికా ఆడవాళ్ళ ముస్తాబు గురించే. కొందరికి కాలేజీ నాటకం ఉంది, కొందరికి ఫొటో షూట్. ఇంగ్లండులో ఉంటున్న మనవాళ్ళు అక్కడి 1940ల వారాంతపు వేడుకలకు తయారవుతున్నారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నాటకంలో 1943 నాటి లండన్ అమ్మాయి పాత్ర నాది. విక్టరీ రోల్స్ (నుదుటి పక్కల జుట్టును పైకి గుండ్రంగా చుట్టి పిన్నులు పెట్టే తీరు) చుట్టినప్పుడు బాగానే ఉంటాయి, పది నిమిషాలకు ఒక పక్క జారిపోతుంది. నా జుట్టు నడుము దాకా, ఒత్తుగా ఉంటుంది. రోజూ కొబ్బరినూనె రాస్తాను. (హైదరాబాద్)

కారణాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఒకటి నూనె, రెండు పొడవు.

నాటకానికి రెండు రోజుల ముందు తలంటుకుని, అప్పటినుంచి నూనె ముట్టకండి. కండిషనర్ చివర్లకే రాయండి. నాటకం రోజు పొద్దున తలస్నానం చేయడం కూడా పొరపాటే. అప్పుడే ఆరిన జుట్టు పట్టుదారంలా జారుతుంది, పిన్ను నిలవదు.

పొడవు అసలు చిక్కు. భుజాల దాకా ఉన్న జుట్టు రెండు మూడు చుట్లలో అయిపోతుంది. నడుము దాకా ఉన్నదాన్ని చుడితే రోల్ చపాతీ కర్రంత లావై, తన బరువుకు తనే కిందికి లాగుతుంది. అందుకని మొత్తం చుట్టకండి. లోపల చిన్న సవరం పెట్టి దాని మీదుగా జుట్టు మడవండి. ఆ రోజుల్లో అక్కడి ఆడవాళ్ళూ ఇదే చేసేవారు. దువ్వెనకు వచ్చిన రాలిన జుట్టును దాచి, నెట్‌లో కుక్కి, మెత్తగా చేసి రోల్ లోపల పెట్టేవారు. దాన్ని వాళ్ళు ‘ర్యాట్’ అనేవారు, మన సవరానికి చిన్న చెల్లెలు అనుకోండి. 10 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల లావు చాలు.

పక్క పాపిట తీయండి. పాపిట దగ్గర నుంచి చెవి పైదాకా, నుదుటి అంచు నుంచి 4 సెంటీమీటర్ల లోతు మాత్రమే జుట్టు విడదీయండి. అంతకంటే లోతుగా తీసుకోవడమే అందరూ చేసే తప్పు. మిగిలింది వెనక్కి కట్టేయండి. విడదీసిన పాయను నిటారుగా పైకి పట్టుకుని, తల వైపు ఉండే భాగంలో, కుదుళ్ళ నుంచి 5 సెంటీమీటర్ల మేర, సన్నపళ్ళ దువ్వెనతో మూడు నాలుగు సార్లు కిందికి బ్యాక్ కోంబింగ్ చేయండి. బయటికి కనబడే వైపు మాత్రం పైపైన నున్నగా దువ్వండి. సవరాన్ని కుదుళ్ళ దగ్గర పెట్టి రెండు సైడు పిన్నులతో తలకు బిగించండి. పాయను దాని మీదుగా తల వైపు మడిచి, అడుగున పిన్ను పెట్టండి. మిగిలిన పొడవును చెవి వెనకగా తీసుకెళ్ళి మెడ దగ్గరి ముడిలో కలిపేయండి.

సైడు పిన్నులో ముడతలున్న కాలు తలకు ఆనాలి, నున్నటి కాలు పైకి ఉండాలి. చాలామంది తిరగేసి పెడతారు. ఒక్కో చోట ఒక్క పిన్ను కాకుండా రెండు పిన్నులు గుణకారం గుర్తులా అడ్డంగా వేయండి. పెట్టే ముందు పిన్నుకే కాస్త హెయిర్ స్ప్రే కొట్టండి, పట్టు పెరుగుతుంది.

ఇంకో మాట. మీరు వీడియోల్లో చూసే కొమ్ముల్లాంటి ఎత్తు రోల్స్ ఎక్కువగా నేటి పిన్-అప్ ఫ్యాషన్ పెంచినవి. యుద్ధకాలపు మామూలు ఫొటోల్లో రోల్ తక్కువ ఎత్తులో, మెత్తగా ఉంటుంది. రెండు పక్కలా ఒకే కొలతలో ఉండాలన్న పట్టింపు కూడా లేదు. జుట్టును నుదుటి మీద పైకి చుట్టడం 1930ల చివర్లోనే మొదలైంది. ‘విక్టరీ’ పేరును విమానాల గెలుపు విన్యాసంతో ముడిపెట్టి చెప్పుకుంటారు. ఏదైతేనేం, మీ పాత్ర లండన్‌లో పనిచేసే అమ్మాయి కాబట్టి రోల్ రెండు వేళ్ళ ఎత్తు దాటనివ్వకండి.

ప్రశ్న: పిన్ కర్ల్స్ (పాయలను చిన్న చుట్టలుగా చుట్టి పిన్నులతో తలకు అదిమే ఉంగరాలు) పెట్టి రాత్రంతా పడుకున్నా పొద్దున విప్పగానే సాగిపోతున్నాయి. చక్కెర నీళ్ళు పెడితే నిలుస్తాయని చదివి పెట్టాను, ఇంకా ఘోరంగా అయింది. (విశాఖపట్నం)

చక్కెర నీళ్ళు లండన్ చలికాలానికి సరిపోయిన చిట్కా. యుద్ధంలో సెట్టింగ్ లోషన్ దొరక్క అక్కడ వాడారు. విశాఖ గాలిలో తేమకు చక్కెర మళ్ళీ నీరు పీల్చుకుంటుంది, జుట్టు బంకబంకగా అయి సాగిపోతుంది. చీమలు అదనం.

అవిసె గింజల జెల్ వాడండి. రెండు టేబుల్ స్పూన్ల గింజలు, రెండు కప్పుల నీళ్ళు. సన్నటి మంట మీద కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు మరిగిస్తే గుడ్డులోని తెల్లసొనలా జిగురొస్తుంది. వేడిగా ఉండగానే పల్చటి గుడ్డలో వడగట్టాలి. చల్లారాక వడగడదామంటే గింజ వదలదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, వాసన మారితే పారేయండి.

జుట్టు ముప్పాతిక వంతు ఆరాక మొదలుపెట్టండి. నీరు కారే జుట్టుతో పెడితే చుట్ట మధ్యభాగం పొద్దునకీ తడిగానే ఉంటుంది. మీ కర్ల్స్ సాగిపోవడానికి అసలు కారణం ఇదే అయి ఉండాలి. మన జుట్టు ఒత్తు, కాబట్టి పాయలు చిన్నవి తీయండి, ఒక్కోటి రెండున్నర సెంటీమీటర్ల చదరం దాటొద్దు. పాయకు కాస్త జెల్ రాసి, చివర నుంచి కుదురు దాకా చేగోడీలా చుట్టి, తలకు బల్లపరుపుగా అదిమి పిన్ను పెట్టండి. చివరి వెంట్రుకలు చుట్ట లోపలే ఉండాలి, బయటికి తప్పించుకుంటే గాలపు ముల్లులా వంకర తిరుగుతాయి.

నడినెత్తి మీది వరసలు వెనక్కి తిరిగేలా, పక్కల వరసలు ముఖానికి దూరంగా తిరిగేలా చుట్టండి. మెడ దగ్గర ఒక వరస కుడికి, దాని కింద వరస ఎడమకి. విప్పాక ఈ ఎదురెదురు చుట్లే అలలా పడతాయి. అన్నీ ఒకే దిక్కుకు చుడితే టెలిఫోన్ తీగల్లా వేలాడతాయి.

నెట్ కట్టి, డ్రయర్ మధ్యస్థ వేడిలో ఇరవై నిమిషాలు పట్టి, ఆ తర్వాత పడుకోండి. పొద్దున ఒక చుట్ట విప్పి వేలితో తాకి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. విప్పాక భయపడకండి. మొదట గొర్రెపిల్లలా కనబడతారు. మెత్తటి బ్రష్‌తో దువ్వుతూ పోవాలి. ‘ఇక పాడైపోయింది’ అనిపించే దశ ఒకటి వస్తుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. ఇంకో ఐదు నిమిషాలు దువ్వితే చుట్లన్నీ కలిసి ఒక్క అలగా కూర్చుంటాయి. చివర్లో బఠాణీ గింజంత పొమేడ్ (జుట్టుకు రాసే మైనం లాంటి క్రీము) అరచేతుల్లో రుద్ది పైపైన రాయండి.

ప్రశ్న: జుట్టు కత్తిరించను. లెస్టర్ దగ్గర జరిగే 1940ల వేడుకకు వెళ్ళాలి. మార్గం ఉందా? (ఇంగ్లండు నుంచి)

ఉంది, అదీ ఆ కాలపుదే. స్నూడ్ అనే అల్లిక జాలీ సంచిలో వెనక జుట్టంతా పడేసి, ముందు మాత్రం చిన్న రోల్ చుట్టుకోండి. సంచి నిండుగా, మెడ దగ్గర బరువుగా వేలాడాలి. జడ వేసి చుట్టగా మడిచి లోపల పెడితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలదు. క్రోషే తెలిసినవారు ఒక్క సాయంత్రంలో అల్లుకోవచ్చు.

యంత్రాల దగ్గర పనిచేసేవారికి విడిచిన జుట్టు ప్రమాదం. అమెరికా నటి వెరోనికా లేక్ ఒక కంటిని కప్పేలా జుట్టు వదిలే తీరును ఫ్యాక్టరీ అమ్మాయిలు అనుకరిస్తున్నారని, ప్రభుత్వం అడిగి మరీ 1943లో ఆమె చేత ఆ తీరు మాన్పించింది. కాబట్టి పొడవు జుట్టు విరబోసుకుని యూనిఫాం మాత్రం వేసుకోకండి. సైనిక విభాగాల ఆడవాళ్ళ జుట్టు కాలర్‌కు పైన ఉండాలి.

ప్రశ్న: నాది చామనఛాయ. యుద్ధకాలపు ఎరుపు లిప్‌స్టిక్ నాకు గాఢంగా కొడుతోంది. ఐలైనర్ తోక ఎంత పొడవు గీయాలి? (విజయవాడ)

ముందు తోక సంగతి. గీయకండి. పిల్లికళ్ళ తోక 1950ల సొత్తు. 1940ల మొదట్లో పగటిపూట కంటికి చేసేది చాలా తక్కువ. పై రెప్ప మీద ముఖం రంగుకు కాస్త ముదురు గోధుమ రంగు పూత, పై రెప్ప వెంట్రుకలకు మస్కారా, అంతే. అప్పటి మస్కారా బిళ్ళలా ఉండేది, తడి బ్రష్‌తో రుద్ది పెట్టేవారు. మన కాటుక కింది రెప్పకు దిద్దితే ముఖం వెంటనే మన ఊరిదైపోతుంది, నాటకం వరకు మానండి. కనుబొమలు 1930ల్లా దారపు పోగులా కాకుండా, సహజమైన మందంతో, మెత్తటి వంపుతో ఉండాలి.

ముఖానికి పాన్-కేక్ రకం పూత సరైనది. మాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ 1930ల చివర్లో దీన్ని జనానికి అమ్మకానికి పెట్టింది. స్పాంజిని తడిపి, గట్టిగా పిండి, బిళ్ళ మీద రుద్ది, ఒక్క పల్చటి పొర వేయాలి. స్పాంజిలో నీరెక్కువైతే చారలు పడతాయి, తక్కువైతే సున్నం కొట్టినట్టుంటుంది. మెడ రంగుతో సరిపోయే ఛాయ తీసుకోండి. పైన పౌడర్ అద్ది, ఐదు నిమిషాలాగి, అదనపుది బ్రష్‌తో దులపండి. బుగ్గల కింద నీడలు గీసే నేటి కాంటూరింగ్ అక్కర్లేదు. రూజ్ (బుగ్గలకు పెట్టే ఎరుపు) బుగ్గల ఎత్తు మీద పెట్టి కణతల వైపు పల్చబరచండి.

ఇక ఎరుపు. చామనఛాయకు నారింజ కలిసిన ఎరుపు పైకి తేలి కొట్టినట్టుంటుంది. నీలం కలిసిన ముదురు ఎరుపు, లేదా ఇటుక ఎరుపు తీసుకోండి. మెరుపు లేకుండా ఉండాలి. పెదవి రంగు పెన్సిల్‌తో పై పెదవి వంపులను కొండ శిఖరాల్లా కాకుండా గుండ్రంగా, పెదవి అంచు కంటే వెంట్రుక వాసి బయటికి గీసి, లోపల నింపండి. టిష్యూ కాగితం ఒత్తి, దాని మీదుగా పౌడర్ అద్ది, రెండోసారి పూయండి. గాఢంగా అనిపించేది రంగు వల్ల కాకపోవచ్చు, కళ్ళు కూడా నల్లగా దిద్దుతుంటే పెదవి అరుస్తుంది. కళ్ళు తగ్గించి చూడండి.

అమెరికా మెరైన్ దళంలోని ఆడవాళ్ళ కోసం సౌందర్య సాధనాల కంపెనీ ఎలిజబెత్ ఆర్డెన్ ‘మాంటెజూమా రెడ్’ అనే ఎరుపు తయారుచేసింది. వాళ్ళ టోపీకున్న ఎర్ర తాడుకు సరిపోయేలా చేసిన రంగు అది. లిప్‌స్టిక్ అప్పట్లో విలాసం కింద కాక మనోధైర్యం కింద లెక్క. లోహం యుద్ధానికి పోయి డబ్బాలు ప్లాస్టిక్, అట్టతో వచ్చినా లిప్‌స్టిక్ మాత్రం ఆగలేదు. బ్రిటన్‌లో కొరత మరీ ఎక్కువ. అడుగున మిగిలిన ముక్కలు కరిగించి కలుపుకున్నవాళ్ళు, బీట్‌రూట్ రసం రాసుకున్నవాళ్ళు ఉన్నారు. బీట్‌రూట్ ప్రయత్నించవచ్చు గానీ పెదవి పగుళ్ళలోకి దిగి మచ్చలుగా కనబడుతుంది. కనురెప్పలకు బూట్ పాలిష్ వాడారన్న కథనాలను చదివి ఎవరూ అనుకరించకండి, కంటికి ప్రమాదం.

ప్రశ్న: ఆ కాలపు స్కర్టు మా టైలర్ చేత కుట్టించాలి. ఆయన ప్రతిసారీ గౌనులా గేర ఎక్కువ పెడుతున్నాడు. కొలతలు ఇవ్వగలరా? (గుంటూరు)

గేర ఎక్కువైతే అది 1947 తర్వాతి స్కర్టు. ఆ ఏడాది ఫిబ్రవరి 12న పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ మీటర్ల కొద్దీ గుడ్డతో స్కర్టులు చూపించేదాకా బట్ట పొదుపే చట్టం. బ్రిటన్‌లో 1941 జూన్ 1న బట్టల రేషన్ మొదలైంది. మనిషికి తొలి ఏడాది 66 కూపన్లు. ఉన్ని డ్రస్సుకు 11, నూలు లేదా రేయాన్ డ్రస్సుకు 7, ఆడవాళ్ళ బూట్ల జతకు 5 పోయేవి. అమెరికాలో బట్టల రేషన్ లేకపోయినా 1942లో ఎల్-85 అనే ఆదేశం స్కర్టు గేరకు హద్దు పెట్టింది, కింది అంచు మడత 2 అంగుళాలు దాటకూడదంది. ఈ సంగతి మీ టైలర్‌కు చెప్పండి, పని తేలికవుతుంది.

నడుము 29, తుంటి 38 అంగుళాలు అనుకుని ఆరు కలీల (నిలువు ముక్కల) స్కర్టు లెక్క ఇది. నడుముకు ఒక అంగుళం వదులు కలిపితే 30. ఆరుతో భాగిస్తే 5, రెండు పక్కల కుట్టుకు అరంగుళం చొప్పున కలిపితే కలీ పైవెడల్పు 6 అంగుళాలు. కింది గేర 66 చాలు, అంటే కలీకి 11, కుట్టుతో 12. తయారయ్యాక పొడవు 26 అంగుళాలు ఉండాలంటే, కింద మడతకు 2, పైన అర కలిపి 28న్నర కత్తిరించాలి. అయిదడుగుల మూడంగుళాల మనిషికి ఇది మోకాలు కిందికి వస్తుంది. నడుము నుంచి 8 అంగుళాలు కిందికి కొలిస్తే కలీ వెడల్పు ఏడున్నరకు పైనే ఉంటుంది, 38 తుంటికి రెండంగుళాల వదులు దొరుకుతుంది. తుంటి అంతకంటే ఎక్కువైతే అక్కడ మాత్రం గీతను కాస్త బయటికి వంచమనండి, గేర పెంచొద్దు.

44 అంగుళాల పన్నా గుడ్డలో పక్కపక్కన మూడు కలీలు, కింద మూడు. మిగిలే 8 అంగుళాల పట్టీలో నడుము పట్టీ వచ్చేస్తుంది. లెక్కకు 57 అంగుళాలు చాలు, కుంచించుకుపోవడానికి కలిపి 1.75 మీటర్లు కొనండి. విస్కోస్ రేయాన్ క్రేప్ తీసుకుని, కత్తిరించకముందే రాత్రంతా నీళ్ళలో నానేసి ఆరేయండి. ఈ పని ఎగ్గొడితే మొదటి ఉతుకులోనే మోకాలు బయటపడుతుంది. మెరిసే పాలిస్టర్ జార్జెట్ వద్దు, ఫొటోలో దాని మెరుపే పట్టిస్తుంది. అమ్మమ్మ రేయాన్ చీర ఉంటే అంతకంటే మంచిది లేదు, పాత బట్ట విప్పి కొత్తది కుట్టుకోవడం అప్పటి ధర్మమే. బ్రిటన్ ప్రభుత్వం 1943లో అలా కుట్టుకోవడం నేర్పే చిన్న పుస్తకమే అచ్చువేసింది.

జిప్పు వీపున పెట్టించుకోకండి. ఎడమ పక్క కుట్టులో 7 అంగుళాల లోహపు జిప్పు, లేదా వరసగా హుక్కులు, ప్రెస్ బటన్లు. లోహం కొరతలో వీటినే ఎక్కువ వాడారు. కనబడని నైలాన్ జిప్పు పెడితే మిగతా శ్రమంతా వృథా.

పైన బ్లౌజుకు భుజాల మెత్తలు ఉండాలి. రెడీమేడ్ మెత్త మరీ గుండ్రం. దూది పరిచిన గుడ్డను త్రికోణంగా మడిచి, భుజం చివర ఒకటిన్నర సెంటీమీటర్ల మందం, మెడ వైపు సున్నా వచ్చేలా కుట్టండి. మెత్త చివర భుజపు కుట్టును అర సెంటీమీటరు దాటి చేతిలోకి రావాలి. అది కుట్టు లోపలే ఆగితే చేతి మొదట్లో గుంట పడుతుంది.

ప్రశ్న: 1944 నాటి అమెరికన్ కుట్టు నమూనా కాగితం దొరికింది. దాని మీద గీతలేమీ లేవు, అన్నీ రంధ్రాలే. సైజు 16 అని ఉంది, నాకు ఇప్పుడు 16 సరిపోతుంది. (హైదరాబాద్)

సరిపోదు. అప్పటి 16 అంటే ఛాతీ 34 అంగుళాలు. 14కు 32, 18కి 36. అంకెను వదిలేసి కవరు మీది ఛాతీ కొలతనే నమ్మండి.

ఆ రంధ్రాలే గీతలు. చాలా కంపెనీలు అప్పటికి గీతలు అచ్చువేయకుండా కాగితానికి రంధ్రాలు గుచ్చి అమ్మేవి. పెద్ద రంధ్రాల వరస గుడ్డ పోగు దిక్కు, చిన్నవి డార్టులు, కుచ్చుల గుర్తులు. ఏది ఏదో కవరులోని సూచనల కాగితం చెబుతుంది. అసలు కాగితం మీద కత్తెర పెట్టకండి. తక్కువ వేడితో, ఆవిరి లేకుండా ఇస్త్రీ చేసి, బ్రౌన్ పేపరు మీద నకలు తీసుకోండి. రంధ్రాలన్నీ పెన్సిల్‌తో గుర్తించాకే తీయండి. ఛాతీకి 2 అంగుళాలు పెంచాలంటే ముందు, వెనక భాగాల్లో ఒక్కో పావుకు అరంగుళం చొప్పున నిలువుగా చీల్చి పంచండి. మొత్తం పక్క కుట్టులోనే కలిపితే చంక జారిపోతుంది. ముందుగా చవక కోరా గుడ్డతో ఒకటి కుట్టి వేసుకుని చూడండి.

ప్రశ్న: మేజోళ్ళకు బదులు కాళ్ళ వెనక గీత గీసుకునేవారట. నిజమా? ఎలా గీయాలి? (నెల్లూరు)

నిజం. నైలాన్ మేజోళ్ళు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1940 మే 15న. రెండేళ్ళు తిరక్కుండా నైలాన్ పారాచ్యూట్లకు పోయింది. జపాన్ పట్టు అంతకుముందే ఆగింది. దాంతో కాళ్ళకు రంగు పూసుకుని, మేజోడు కుట్టులా గీత గీసుకున్నారు. బ్రిటన్‌లో మాంసపు పులుసుకు రంగునిచ్చే పొడిని కూడా పూసుకున్నారు. వానొస్తే సంగతి చెప్పక్కర్లేదు.

మన ఛాయకు పూత అవసరం లేదు, గీత చాలు. రోమాలు తీసిన మర్నాడు, మాయిశ్చరైజర్ పూర్తిగా ఇంకాక, నిలబడి ఎవరి చేతనైనా గీయించుకోండి. కూర్చుని గీస్తే నిలబడగానే గీత వంకరవుతుంది, పిక్క కండరం తిరుగుతుంది కాబట్టి. ముదురు గోధుమ రంగు కనుబొమ పెన్సిల్‌తో మడమ నుంచి పైకి, స్కర్టు అంచు దాటి మరో నాలుగు వేళ్ళ దాకా. పైన పౌడర్ అద్దండి. మరీ నల్లగా, మందంగా గీస్తే దూరానికి తాడు కట్టినట్టుంటుంది. ఎండలో వేడుకైతే ఇదంతా మానేసి పొట్టి సాక్సులు వేసుకోండి, అవీ అప్పటివే.

ప్రశ్న: కండలు చూపించే ఎర్ర తలగుడ్డ పోస్టర్ అమ్మాయి వేషం వేయాలి. గుడ్డ జారకుండా ఎలా? (కరీంనగర్)

36 అంగుళాల చదరపు నూలు గుడ్డ, ఎరుపు మీద తెల్ల చుక్కలు. శాటిన్ అయితే జారుతుంది. త్రికోణంగా మడిచి, పొడవు అంచు మెడ మీద, మొన నుదుటి మీదికి వచ్చేలా పరచండి. రెండు కొసలు పైకి తెచ్చి, మొన మీదుగా నుదుటికి కాస్త పైన రెండు ముళ్ళు వేసి, మొనను పైకి తిప్పి ముడి వెనక దోపండి. కొసలు కూడా లోపలికే. లోపల తలకు వెల్వెట్ పట్టీ కడితే గుడ్డ కదలదు. ముందు ఒక్క చిన్న చుట్ట జుట్టు బయటికి కనబడనివ్వండి.

జె. హోవర్డ్ మిల్లర్ వేసిన ‘వుయ్ కెన్ డూ ఇట్!’ అనే ఆ అమెరికన్ పోస్టర్ 1943 ఫిబ్రవరిలో వెస్టింగ్‌హౌస్ ఫ్యాక్టరీల్లో రెండు వారాలు మాత్రమే వేలాడింది. అప్పట్లో బయటివాళ్ళకు పెద్దగా తెలియదు, ప్రసిద్ధి కెక్కింది 1980ల తర్వాత. తలగుడ్డ మాత్రం ఫ్యాక్టరీల్లో నిజంగా రోజూ కట్టుకున్నదే.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ‘అసలైన 1940ల డ్రస్సు’ కొన్నాను. నమ్మవచ్చా? ఉతకవచ్చా? (బెంగళూరు)

లోపల తిప్పి చూడండి. ఉతుకు గుర్తుల చీటీ ఉంటే ఆ కాలానిది కాదు. నైలాన్ జిప్పు, పాలిస్టర్ దారం, ఓవర్‌లాక్ కుట్టు కనబడినా అనుమానించండి. ఎడమ పక్క లోహపు జిప్పు లేదా ప్రెస్ బటన్లు, పళ్ళ కత్తెరతో కత్తిరించిన కుట్టు అంచులు మంచి గుర్తులు. బ్రిటిష్ బట్టైతే ‘సీసీ41’ ముద్ర వెతకండి. ముక్క కోసిన రెండు గుండ్రటి వెన్న బిళ్ళల్లా సీ అక్షరాలు, పక్కన 41 ఉంటాయి. ప్రభుత్వం నాణ్యతకు, ధరకు హామీ ఇచ్చిన యుటిలిటీ బట్టలవి. అయితే ఆ ముద్ర 1952 దాకా వాడారు, ముద్ర ఉన్నంత మాత్రాన యుద్ధకాలపుదని కాదు.

ఇలాంటి పాత రేయాన్ క్రేప్ డ్రస్సును నీళ్ళలో ముంచకండి. తడిస్తే దాని బలం బాగా తగ్గుతుంది, పైగా చూస్తుండగానే చిన్నపిల్ల గౌనంత అవుతుంది. డ్రైక్లీనింగ్‌కు ఇచ్చే ముందు గుండీలు, బెల్టు బకిల్ విప్పేయండి. అప్పటి ప్లాస్టిక్‌లు కొన్ని ఆ ద్రావకానికి కరిగి గుడ్డకు అంటుకుంటాయి. పాలతో చేసిన కేసిన్ గుండీలు వేడినీళ్ళకు ఉబ్బి పగులుతాయి. జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దండి, నూనె వద్దు. హ్యాంగర్‌కు వేలాడదీస్తే భుజాలు సాగుతాయి, పాత నూలు చీరలో మడిచి పరచండి. బీరువాలో కర్పూరం, నాఫ్తలీన్ గోళీలు కలిపి పెట్టకండి. రెండూ కలిస్తే కరిగి జిడ్డు మరకలు పడతాయి. ఇక వేసుకునేటప్పుడు చంకల్లో గుడ్డ మెత్తలు తప్పనిసరి. ఈ బట్టలు ఎక్కువగా పాడయ్యేది చెమట వల్లే.

ప్రశ్న: స్కూల్లో యుద్ధకాలపు మన దేశపు ఆడవాళ్ళ వేషాలు వేయించాలి. అందరికీ స్కర్టులేనా? (కాకినాడ)

కానే కాదు. 1942లో ఏర్పడిన విమెన్స్ ఆక్జిలరీ కోర్ అనే సైన్యపు మహిళా విభాగంలో భారతీయ మహిళలు ఖాకీ చీర కట్టుకునేవారు. నౌకాదళ మహిళా విభాగానికి చెందిన సెకండ్ ఆఫీసర్ కళ్యాణి సేన్ 1945లో బ్రిటన్ వెళ్ళినప్పటి ఫొటోల్లోనూ ఆమె చీరలోనే ఉన్నారు. ఖాకీ నూలు చీరను కుచ్చిళ్ళు సన్నగా, పైట బిగుతుగా మడిచి ఎడమ భుజం మీద పిన్ను పెట్టండి. చేయి మోచేతికి పైదాకా ఉన్న జాకెట్టు, మెడ మీద గట్టి ముడి, మూసిన బూట్లు. పూలు, గాజులు వద్దు.

దీనికి పూర్తిగా ఎదురు వేషం సుభాష్ చంద్రబోస్ ఐఎన్ఏలోని ఝాన్సీ రాణి దళం. 1943లో సింగపూర్‌లో, మద్రాసు డాక్టరు లక్ష్మీ స్వామినాథన్ నాయకత్వంలో ఏర్పడింది. ప్యాంటు, ఖాకీ చొక్కా, టోపీ, బూట్లు. చాలామంది జుట్టు కత్తిరించుకున్నారు. పిల్లల జుట్టు కత్తిరించక్కర్లేదు, జడలు చెవుల వెనకగా తిప్పి టోపీ కింద పిన్నులు పెట్టేయండి.

ఇంటి ఆడవాళ్ళ వేషానికి బుట్ట చేతుల జాకెట్టు, నేత చీర సరిపోతాయి. బుట్ట నిలబడాలంటే చేతి పైభాగాన్ని మామూలు కంటే 3 అంగుళాలు ఎత్తు, 4 అంగుళాలు వెడల్పు పెంచి కత్తిరించి, కుచ్చంతా భుజం మీద 5 అంగుళాల మేరలోనే పోయించండి. చంక వైపు కుచ్చు వస్తే చెయ్యి ఎత్తలేరు. లోపల గంజి పెట్టిన వాయిల్ ముక్క ఒకటి వేసి కుట్టిస్తే సాయంత్రం దాకా వాలదు.